ఏటా వచ్చే అధిక మాసం

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, మా అందరి నోట్లో ట్రాయ్, చైర్మన్ గారికి

సూరత్, లింబాయత్ నుంచి.

మొన్న డిసెంబర్ 31 సాయంత్రం మా ఇంట్లో పాత క్యాలెండర్ దించి కొత్తది మేకుకు తగిలించే పని నా మీద పడింది. అమ్మకు ఊరి క్యాలెండరే కావాలి. మా సిరిసిల్ల వైపు నుంచి ఎవరో ఒకరు వరంగల్‌లో నవజీవన్ రైలెక్కి వచ్చేటప్పుడు గుండ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెస్తారు. అమ్మకు అదే పంచాంగం, అదే జమాఖర్చుల పుస్తకం. పాలు రాని రోజుకు అడ్డగీత, చీటీ కట్టే రోజుకు ఇంటూ, ఫోను రీచార్జికి సున్నా. రీచార్జి చేయించగానే కొట్టు పిల్లవాణ్ణి అడిగి మళ్ళీ ఎప్పుడో కనుక్కుని, ఆ తారీఖు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టేస్తుంది.

దించిన 2025 క్యాలెండర్‌ను ఊరికే తిరగేస్తూ ఆ సున్నాలు లెక్కపెట్టాను. జనవరి 1న ఒకటి, మళ్ళీ జనవరి 29న ఇంకొకటి. ఫిబ్రవరి 26, మార్చి 26, ఏప్రిల్ 23, మే 21. అలా జారుకుంటూ జారుకుంటూ డిసెంబర్ 3కు వచ్చి, ఆఖరుది సరిగ్గా ఆ రోజే, 31. పన్నెండు కాగితాల క్యాలెండర్‌లో పద్నాలుగు సున్నాలు. ఇంకో చిత్రం, అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. అమ్మ ఆ సంగతి ఎప్పుడో పట్టింది. "ఎప్పుడు చూసినా బుధారమే పైసలడుగుతరు కొడుకా, ఆయినె బుధారం పుట్టిండా ఏంది?" అంది.

28 రోజులంటే నాలుగు వారాలు. కాబట్టి వారం మారదు, తారీఖు మారుతుంది. కొట్టులో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పది దాకా కూర్చుని వెతికే నేను, ఇంట్లో ఏడాది పొడవునా గోడ మీద వేలాడిన ఈ తేడాను చూడలేదు. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం.

అయ్యా, 28 రోజుల నెల ఏ పంచాంగంలోనూ లేదు. పాడ్యమి నుంచి అమావాస్య దాకా లెక్కేస్తే చాంద్రమాన మాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు. సౌరమానమైతే ముప్ఫై, అటూ ఇటూ. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలనూ చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజుల పైచిల్లర. ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఫిబ్రవరి ఒక్కటే, అదీ లీపు సంవత్సరం కాకపోతే. చంద్రుడి లెక్క, సూర్యుడి లెక్క కలవక తేడా పేరుకుంటే, దాన్ని సర్దడానికి మన పెద్దలు సుమారు 33 నెలలకోసారి అధిక మాసం పెట్టారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఫోను కంపెనీలు అంత ఓపిక పట్టవు. 28 పదమూళ్ళు 364. వాళ్ళకు అధిక మాసం ఏటా వస్తుంది. అధిక మాసంలో పెళ్ళిళ్ళుండవు, మా చీరలకు తెలుగు గిరాకీ పడిపోతుంది, వాళ్ళకు మాత్రం అదే పండగ.

నేనెవరో చెప్పలేదు కదూ. రింగ్ రోడ్డు మీద ఒక చీరల కొట్టులో మేతాజీని, అంటే లెక్కలు రాసేవాణ్ణి. నాన్న భివండీలో కొన్నాళ్ళు చేసి ఇక్కడికి వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఉధనాలో సాంచలు నడిపాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు, గుజరాతీలు యంత్రాన్ని సాంచో అంటారు. భాష రాని రోజుల్లో ఈ ఊళ్ళో ఆయనకు అర్థమైన మొదటి మాట అదేనట. కూలీ మీటరుకింత. సాంచె మీంచి బట్ట తాకా దించి కొలిస్తే ఎన్ని మీటర్లు తేలితే అన్ని మీటర్ల పైసలు. సేఠ్ మనిషి కొలుస్తుంటే నాన్న పక్కన నిలబడి పెదాలు కదుపుతూ తనూ లెక్కపెట్టేవాడు. పన్నెండు గంటల పాళీ చేసి నిద్రకళ్ళతో ఉన్నా సరే, ఆ లెక్క మాత్రం తప్పనిచ్చేవాడు కాదు.

మా కొట్టులో చీర కట్ 6.30. చీర ఐదున్నర మీటర్లు, రవికె ముక్క 80 సెంటీమీటర్లు. ఒకసారి మడత పెట్టే దగ్గర పొరపాటు జరిగి 6.10 ముక్కలు వెళ్ళిపోయాయి. తెలుగు దేశం పార్టీ అది. రాజకీయం కాదు లెండి, మా మార్కెట్‌లో కొనేవాణ్ణి పార్టీ అంటారు. విజయవాడలో చీర విప్పి, టేపు పరిచి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. టేపు మీద 610 దగ్గర అంచు, దాని పక్కన ఆయన బొటనవేలు. మాటల్లేవు. నాలుగో రోజుకు మొత్తం మాల్ వాపస్. రానూపోనూ ట్రాన్స్‌పోర్టు ఖర్చు మాదే. సేఠ్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తగ్గింది ఎంత? 20 సెంటీమీటర్లు. నూటికి మూడు. నెలకు సగటున ముప్ఫై రోజుల పైచిల్లర అనుకుంటే, 28కి కోసినప్పుడు పోయింది నూటికి దాదాపు ఎనిమిది. చీరలో మూడు తగ్గితే మాల్ తిరిగొస్తుంది. నెలలో ఎనిమిది తగ్గితే ఎవరికి వాపస్ చేయాలి?

మీరు ఊరుకున్నారని నేననను. ఈ 28 రోజుల సంగతి మీద 2021లో చర్చాపత్రం పెట్టింది మీరే. 2022 జనవరి 27న ఉత్తర్వు ఇచ్చిందీ మీరే. ప్రతి కంపెనీ ముప్ఫై రోజుల ప్యాక్ కనీసం ఒకటి పెట్టాలన్నారు, ప్రతి నెలా అదే తారీఖుకు వచ్చే ప్యాక్ కనీసం ఒకటి పెట్టాలన్నారు. 31వ తారీఖు లేని నెలలో ఆఖరి రోజునే గడువుగా తీసుకోవాలని కూడా రాశారు. చదివి ముచ్చట పడ్డాను, పంచాంగం రాసేవాళ్ళలా ఆలోచించారు. చిక్కంతా "కనీసం ఒకటి" దగ్గరే వచ్చింది. పెళ్ళి భోజనంలో చక్కెర తినని వాళ్ళ కోసం కూడా ఒకటి పెట్టాం అన్నట్టు, అది ఉంటుంది, ఎక్కడుందో వడ్డించేవాడికి కూడా తెలియదు.

ఉన్నప్పుడు మాత్రం లాభమే. 2024 జూలైలో ధరలు పెంచాక ఒక కంపెనీలో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ 28 రోజులకు 299 రూపాయలు, అదే డేటాతో నెల ప్యాక్ 319. చూడగానే మనిషి 299 మీదే వేలు పెడతాడు. 299 పదమూళ్ళు 3887. 319 పన్నెండ్లు 3828. చవకనుకున్నది 59 రూపాయలు ఎక్కువ, పైగా ఒక రోజు తక్కువ. మా గల్లీలో ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోను తీసి గుణించి చూస్తారు. నమ్మరు. ఇరవై రూపాయలు తక్కువున్న వస్తువు ఎలా ఖరీదవుతుందన్నది వాళ్ళ అనుమానం. నాదీ అదే అనుమానం, అందుకే నేనూ రెండుసార్లు గుణించాను.

ఇక 72 రోజులు, 77 రోజులు, 84, 90, 98. ఇవన్నీ నేను చూసిన గడువులే. ఒక కొట్టులో గజం, పక్క కొట్టులో మూర, ఎదురు కొట్టులో బెత్తెడు లెక్కన బట్ట అమ్మితే ఏది చవకో ఎవడు చెప్పగలడు? బట్టకొట్టులో మీటరు కడ్డీకి ప్రభుత్వం ముద్ర ఉండాలి. ముద్ర లేని కడ్డీ దొరికితే జరిమానా. రోజులకు అలాంటి కడ్డీ లేదు.

మా అమ్మది మీటల ఫోను. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులు ఉంటుంది, కింద పడితే బ్యాటరీ ఒక పక్కకు, మూత ఒక పక్కకు పోతాయి, కలిపి పెడితే మళ్ళీ మోగుతుంది. అంతకు మించిన ఫోను ఇంకా తయారు కాలేదని ఆమె నమ్మకం. నాకూ అభ్యంతరం లేదు. మా మేనల్లుడు మొన్న దీపావళికి 5జీ ఫోను కిస్తుల మీద తీసుకున్నాడు. దాంట్లో రీల్ తొందరగా తెరుచుకుంటుంది, నిజమే. రీల్ మాత్రం పాతదే. సాయంత్రానికి వాడు చార్జర్ పట్టుకుని ప్లగ్గు కోసం ఇల్లంతా తిరుగుతుంటాడు. అపరిమిత 5జీ కావాలంటే రోజుకు 2 జీబీ, ఆపై ప్యాక్ వేయాలన్న షరతు 2024 జూలై పెంపుతోనే వచ్చింది. అంటే ఫోనుకు కిస్తు ఒకటి, దాన్ని వాడుకోవడానికి పెద్ద ప్యాక్ ఒకటి. లింబాయత్‌లో మా మూడు గదుల ఇంటికి 4జీ చాలు అన్నది నా అభిప్రాయం. వాడి అభిప్రాయం వేరు, వాడి వయసు పంతొమ్మిది.

2025లో అమ్మ వేయించుకున్నది 199 ప్యాక్. అందులో మాటలతో పాటు 2 జీబీ డేటా ఉండేది. ఆ ఫోనులో ఇంటర్‌నెట్టే లేదు. ప్రతి 28 రోజులకూ ఆ 2 జీబీ పుట్టి, ఎవరూ ముట్టుకోకుండానే పోయేది. మా ఊళ్ళో ఇది విడ్డూరం. సూరత్‌లో ఏదీ పారేయరు. అంచులు కత్తిరించగా మిగిలిన చిందీ కిలోల లెక్కన అమ్ముతారు, దారం ముక్కలు అమ్ముతారు. డేటా ఒక్కటే గడువు తీరగానే ఎవరికీ కాకుండా ఆవిరవుతుంది.

ఈ సంగతీ మీకు తెలుసు. 2024 డిసెంబర్ 23న మీరిచ్చిన నిబంధనలు అమ్మలాంటి వాళ్ళ కోసమే. డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్యాక్ పెట్టాలన్నారు, గడువు 90 రోజుల దగ్గర ఆగకుండా 365 రోజుల దాకా పోవచ్చన్నారు. మరుసటి నెలలోనే అలాంటివి వచ్చాయి. ఒక కంపెనీలో 84 రోజులకు 469, 365 రోజులకు 1849. ఇంకో కంపెనీ ఏడాది లాంటి ప్యాక్ ఒకటి తెచ్చి దాని గడువు 336 రోజులు పెట్టింది. 28 పన్నెండ్లు 336. నెల కోసినవాడు ఏడాదిని వదులుతాడా?

అయితే 2025లో ఏం జరిగింది? ఆ 365 రోజుల ప్యాక్ ఉందని అమ్మకు తెలియలేదు, నాకూ తెలియలేదు. తర్వాత ఆప్‌లో వెతికితే, సినిమాల ప్యాకులు, క్రికెట్ ప్యాకులు, విదేశాల ప్యాకులు అన్నీ దాటాక అట్టడుగున కనిపించింది. అమ్మ పదమూడు సార్లు 199 కట్టింది. 2587. అదే కంపెనీలో ఏడాది ప్యాక్ 1849. తేడా 738 రూపాయలు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు ధాగా కటింగ్ చేస్తుంది, వెనక వేలాడే దారాలు కత్తిరించే పని, చీరకింత అని. 738 రూపాయలకు ఎన్ని చీరలు చేతుల మీదుగా పోవాలో ఆమెను అడగలేదు. అడిగితే చెబుతుంది, అందుకే అడగలేదు.

తెలిసినా 1849 ఒక్కసారి తీయడం మా గల్లీలో తేలిక కాదు. పగార్ వచ్చిన రోజే అద్దె, కిరాణా బాకీ, చీటీ. మధ్యలో ఉపాడ్, అంటే అడ్వాన్సు, తీసుకుంటే అదీ కోత. చేతిలో రెండొందలుంటే రెండొందల ప్యాకే పడుతుంది. చిన్న ముక్క కొనేవాడికి మీటరు ధర ఎక్కువ పడడం బట్టల్లోనూ ఉంది, నేను కాదనను. అక్కడ మీటరు ధర బోర్డు మీద రాసి ఉంటుంది, తెలిసే కొంటాడు.

నాన్నదొక సిమ్ కథ. ఇన్‌కమింగ్ ఉచితమైంది 2003 మేలో. తర్వాత రెండు మూడేళ్ళకు 999 రూపాయలకు లైఫ్‌టైమ్ అని వచ్చింది. ఒకసారి కడితే బతికున్నంత కాలం ఇన్‌కమింగ్. నాన్న ఉపాడ్ తీసి మరీ కొన్నాడు. సాంచల చప్పుడులో ఫోను వినపడదు, మిస్డ్ కాల్ చూసుకుని పాళీ అయ్యాక మాట్లాడేవాడు. 2018 ఆఖర్లో ఆ సిమ్‌కే 28 రోజులకోసారి 35 రూపాయలు వేయకపోతే బంద్ అన్నారు. నాన్న ఇంకా ఉన్నాడు, ఆ లైఫ్‌టైమే పోయింది. ఆ 35 పెరిగి పెరిగి 2025 నాటికి అమ్మ ప్యాక్ దగ్గరికి, 199కి వచ్చింది.

ఈ మధ్య నేను గల్లీలో చెబుతున్న చిట్కాలు కొన్ని మీకూ చెబుతాను, తప్పుంటే దిద్దండి. పెద్దవాళ్ళ మీటల ఫోనుకు మాటల ప్యాకే వేయండి. ఏడాదిది కుదరకపోతే 84 రోజులది, 199 మూడుసార్లు వేసే కంటే 128 రూపాయలు మిగులుతాయి. చెల్లింపుల ఆప్‌లో రీచార్జి చేస్తే చివర్లో రెండు మూడు రూపాయలు రుసుము కలుస్తుంది, డబ్బు కట్టే ముందు ఆఖరి అంకె చూడండి. కంపెనీ సొంత ఆప్‌లోనూ, మన కొట్టు పిల్లవాడి దగ్గరా నాకైతే అది పడలేదు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి. పెళ్ళి గ్రూపుల్లో వచ్చే సుప్రభాతాలకు డేటా ఎంత పోతుందో ఆపాక తెలుస్తుంది. రెండో సిమ్ దేనికి ఉంచుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి, మా మేడ మీది ఆయనకు రెండేళ్ళుగా గుర్తు రావడం లేదు, రీచార్జి మాత్రం వేస్తున్నాడు.

ఇవన్నీ మేము మా వేళ్ళ మీద చేసుకునే లెక్కలు. మీరు చేయాల్సింది వేరే ఉంది. ధరలు కంపెనీలకే వదిలేయడం మీ విధానమని విన్నాను. నేను ధర తగ్గించమని అడగడం లేదు. కొలత చెప్పించమంటున్నాను. ఇప్పుడు నూనె ప్యాకెట్ మీద, బిస్కెట్ ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ధర ఎంతో అచ్చు వేస్తున్నారు. ఫ్రిజ్ తలుపు మీద నక్షత్రాల కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. అలాగే ప్రతి ప్యాక్ పక్కన, ధర ఎంత పెద్ద అంకెలో ఉందో అంతే పెద్ద అంకెలో, రోజుకు ఎంత పడుతుందో రాయించండి. దాని కిందే, ఇదే ప్యాక్ ఏడాదంతా వేస్తే ఎంతవుతుందో. 199 పక్కన 7.11 అని, 1849 పక్కన 5.07 అని ఉంటే అమ్మ కూడా చదవగలదు. ఆమెకు గుజరాతీ రాదు, ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు.

రంగులు కూడా మీరే పెట్టారు ఒకప్పుడు. టాప్ అప్ కాగితానికి ఆకుపచ్చ పట్టీ, ప్లాన్‌కు ఎరుపు, ప్రత్యేక ప్యాక్‌కు పసుపు. కాగితాలు పోయాయి కాబట్టి 2024లో రంగులూ తీసేశారు, సరే. ఆ రంగు చేసిన పని చేయడానికి ఇప్పుడు ఏదీ లేదు.

ఇంకో మాట, చిన్నదే. గడువు అయిపోవచ్చే ముందు అమ్మకు ఫోనులో ఒక ఆడగొంతు గుజరాతీలో మాట్లాడుతుంది. అమ్మ ఆమెతో తెలుగులో మాట్లాడుతుంది. "ఎవరు బిడ్డా, ఎవరు కావాలె?" అని రెండుసార్లు అడిగి, పాపం రాంగ్ నంబర్ అనుకుని పెట్టేస్తుంది. మర్నాటికి ఫోను మూగబోతుంది. ఈ ఊరి మున్సిపాలిటీ మా పిల్లలకు తెలుగు మీడియం బడి నడుపుతోంది. ఫోను కంపెనీకి ఒక వాక్యం తెలుగులో రికార్డు చేయడం అంత కష్టమా?

డిసెంబర్ 31 రాత్రి అమ్మ ఫోనుకు 365 రోజుల ప్యాక్ వేశాను. డబ్బు నాదే, వద్దంది, వినలేదు. కొత్త క్యాలెండర్ తగిలించి, పెన్సిల్ ఆమె చేతికిచ్చి, ఇక సున్నా ఒక్కటే, గడువు ఆఖరి రోజు డిసెంబర్ 30న చుట్టు అన్నాను. పన్నెండో కాగితం దాకా తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ గడి దగ్గర వేలు పెట్టి కాసేపు చూసింది.

"గిది గూడ బుధారమేనా?" అంది.

ఇట్లు
లింబాయత్‌లో ఉండే ఒక మేతాజీ
సూరత్, 2026 జనవరి 2